టక్కుమందా, టకటకలాడిందా?

జూన్ 9

చిన్నాన్నా,

నీ చెవుల సంగతి నీ కూతురు ఫోన్లో చెప్పింది. చెవి మిషను పెట్టుకుంటే లోకమంతా రేకుల మీద వాన పడుతున్నట్టుందని తీసి సొరుగులో పడేశావట. సెల్లులో అక్షరాలు చీమల్లా పాకుతున్నాయని దాన్నీ ముట్టుకోవట. ఇక మనిద్దరికీ కాగితమే గతి. కోడి కెలికినట్టుండే నా రాత చూసి నవ్వకు.

అసలు విషయం ఏమిటంటే మా నీలం బండి స్టార్టవడం లేదు. తాళం తిప్పితే టక్కుమంటుంది, అంతే. ఆయన ఉన్న రోజుల్లో బండికి ఏ సుస్తీ చేసినా నీకు ఫోన్ కలిపి, బానెట్ ఎత్తి, ఫోను ఇంజను మీదకి వంచి పట్టుకునేవారు, గుర్తుందా? నువ్వు అంత దూరం నుంచే విని "బెల్టు వదులైంది" అనో "ప్లగ్గు పోయింది" అనో తేల్చేసేవాడివి. ఆయన పోయి రెండో ఏడు నడుస్తోంది. ఇప్పుడు నీ చెవులూ పోయాయి. మిగిలింది బండి ఒక్కటే, అదీ మొరాయించి కూర్చుంది.

నా పని మామూలే. పంటి డాక్టర్లు అచ్చులు పంపుతారు, నేను ఇంట్లో కూర్చుని కట్టుడు పళ్ళు చేసి పంపుతాను. కొరియరు అతను గుమ్మంలోనే ఇచ్చి పుచ్చుకుంటాడు. ముందుగదంతా ప్లాస్టరు పొడి, గులాబీరంగు మైనం. ప్రస్తుతం ఒకావిడ సెట్టు చేతిలో ఉంది. తన పాత కోరపన్ను కాస్త పక్కకి తిరిగి ఉండేదట, కొత్తదీ అలాగే ఉండాలని డాక్టరు దగ్గర పట్టుబట్టిందట. లేకపోతే అద్దంలో ఎవరో పరాయి మనిషి నవ్వినట్టుంటుందట. ఈ ఊళ్ళో సగం మంది నా పళ్ళతోనే నవ్వుతున్నారు చిన్నాన్నా, ఒక్కరి మొహమూ నేను చూడలేదు.

నా గురించి బెంగ పడకు. నువ్వు వెంటపడి డ్రైవింగ్ నేర్చుకునేదాకా ఊరుకోలేదు కనక, శని ఆదివారాలు బండి వేసుకుని బాగానే తిరుగుతున్నాను.

నీ అన్న కూతురు


జూన్ 18

మసిపిల్లా,

చిన్నప్పుడు నా షెడ్డులో దూరి మోచేతుల దాకా నల్లగా పూసుకునేదానివి. ఇప్పుడు జనానికి తెల్లటి పళ్ళు అమరుస్తున్నావు గానీ నాకు నువ్వు మసిపిల్లవే.

టక్కుమందా, టకటకలాడిందా? రెంటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే స్టార్టరు మోటారుని అనుమానించాలి. చలికి పళ్ళు కొట్టుకున్నట్టు టకటకటక అంటే బ్యాటరీ నీరసపడిందన్నమాట. ఇకమీదట చప్పుడు రాసేటప్పుడు ముందు నోటితో అని చూసుకుని రాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు రాయకు. నాకిప్పుడు నీ అక్షరాలే చెవులు.

టకటక అయితే ఇలా చెయ్యి. బ్యాటరీ కొమ్ముల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. బిగింపులు విప్పి, వేణ్ణీళ్ళలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో తోము. పళ్ళు చేసేదానివి, తోమడం నీకు నేర్పాలా? ఆరాక కాస్త వాజలీను రాసి బిగించు. అప్పటికీ లేవకపోతే ఇంకో బండి నుంచి కేబుళ్ళు వేయించు. ఎర్రది ప్లస్సు నుంచి ప్లస్సుకి. నల్లది అవతలి బండి మైనస్సు నుంచి తెచ్చి నీ బండి ఇంజను ఇనుముకి, అదీ అన్నిటికన్నా ఆఖర్న. బ్యాటరీకి తగిలించకు, నిప్పురవ్వ లేస్తే ప్రమాదం.

నేను ఉంటున్న గది పిండిమర మీద ఉంది. నేల అదరడం మొదలైతే పొద్దెక్కినట్టు, ఆగితే భోజనం వేళైనట్టు. నాకు వేరే గడియారం అక్కర్లేదు. అల్లుడు మంచివాడే. మొన్న టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చి, "మామయ్యా, పాడైపోయింది, కాస్త చూడండి" అని కాగితం మీద రాసి చూపించాడు. సంబరంగా విప్పాను. లోపల వైరుని ఎవరో కత్తెరతో శుభ్రంగా కత్తిరించి పెట్టారు! నాకు పొద్దు గడవడానికట. పసివాడి చేతికి గిలక్కాయ ఇచ్చినట్టు. ఆ ఫ్యాను మళ్ళీ ముట్టుకోలేదు, ఉక్కలోనే కూర్చుంటున్నాను.

నీ బండి వ్యవహారం మాత్రం నిజం జబ్బు. ప్రాణం లేచొచ్చింది.

చిన్నాన్న


జూలై 1

చిన్నాన్నా,

టకటకే! తాళం తిప్పుతూ నోటితో కూడా అని చూశాను. పార్కింగ్ ఊడ్చే మనిషి చీపురు ఆపి నావంక అదోలా చూసింది. సోడాతో తోమాను, వాజలీను రాశాను, కింది ఇంటి పెద్దాయన కేబుళ్ళు ఇచ్చాడు. నల్లది ఆఖర్న ఇనుముకి తగిలించాలని నేనంటే "ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు. "మా చిన్నాన్న" అన్నాను. బుర్రుమని లేచింది.

ఇప్పుడు ఇంకో గొడవ. చేతిబ్రేకు దించినా బండి కదలదు. గేరు వేసి పోనిస్తే వెనకభాగం కుంగి, మొండికేసి, కాసేపటికి డభీమని ఊడొస్తుంది. ఆ తర్వాత చక్రాల్లోంచి గరగర. గొంతులో కఫం పట్టినట్టు గరగర, ఇసుక రాసుకున్నట్టు కాదు. అని చూసే రాస్తున్నాను.

శనివారం మా పై అంతస్తు పాటల టీచరుతో చెరువుగట్టు దాకా వెళ్ళొచ్చాను. కొత్తగా పరిచయం అయింది. సరదా మనిషి. దారంతా పాడుతూనే ఉంటుంది. దిగేటప్పుడు తలుపు మాత్రం దబేలున వేస్తుంది. గట్టు మీద గాలి బాగుంది.

నీ అన్న కూతురు


జూలై 12

మసిపిల్లా,

తడిలో చేతిబ్రేకు లాగి వదిలేస్తే లోపలి బ్రేకు చెక్కలు డ్రమ్ముని కరుచుకుంటాయి. ఆ డభీ అవి విడిపోయిన చప్పుడు. వానాకాలం చేతిబ్రేకు వేయకు. బండి గేర్లో ఉంచి చక్రం కింద రాయి పెట్టు. గరగర తుప్పు. మెల్లగా పోతూ నాలుగుసార్లు బ్రేకు తొక్కితే రాలిపోతుంది. రోజూ కాకపోయినా వారం వారం తిరిగే బండికి ఇంత తుప్పు ఏమిటే? మీ ఊళ్ళో ఏమైనా ఉప్పువాన కురుస్తోందా?

టీచరుగారి సంగతి చదివి ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఆయన పోయాక నువ్వు మైనంతో తప్ప మనిషితో మాట్లాడడం మానేశావని మా అమ్మాయి బాధపడుతుంటే నాకు ఇక్కడ చెయ్యీ కాలూ ఆడేది కాదు. తోడు దొరికింది, అది చాలు. ఆవిడ ఏ పాటలు పాడుతుంది? పేర్లు రాయి. పేరు చూస్తే చాలు, నాకు లోపల వినిపిస్తుంది. తలుపు సంగతి మాత్రం నా మాటగా చెప్పు, దబేలున వేస్తే అద్దం దించే మిషను పాడవుతుంది.

చిన్నాన్న


జూలై 28

చిన్నాన్నా,

బ్యాటరీ మళ్ళీ పడుకుంది. మళ్ళీ టకటక. పైగా బండిలో కూర్చుంటే తడిగుడ్డ మూట కట్టి వదిలేసిన వాసన. సీటు వెనక బూజు కూడా కనిపించింది.

టీచరుగారు పాతపాటలే పాడుతుంది. పేర్లు నాకు గుర్తుండవు. నీ మాట చెప్పాను, నవ్వేసింది. నిన్ను అడిగానని చెప్పమంది.

నీ అన్న కూతురు


ఆగస్టు 6

మసిపిల్లా,

దొంగ దొరికాడు! మీ టీచరమ్మే. నా మాట విని ఇప్పుడు తలుపు మెల్లగా వేస్తోంది కాబోలు, సరిగ్గా పడటం లేదు. తలుపు ఓరగా ఉంటే లోపలి లైటు వెలుగుతూనే ఉంటుంది, అది తెల్లారేసరికి బ్యాటరీని పీల్చేస్తుంది. దిగాక వెనక్కి తిరిగి ఆ చిన్న లైటు ఆరిందో లేదో చూసుకో. దబేలుకీ ఓరగాకీ మధ్య ఒక పద్ధతి ఉంటుందని ఆవిడకి చెప్పు.

కాళ్ళ కింది పట్టాలు తీసి ఎండలో వెయ్యి. అద్దాలు దించి ఓ గంట ఎక్కడికైనా పోయిరా, వాసన పోతుంది. ఇంజను దగ్గర గాలి వడపోసే నల్ల డబ్బా ఉంటుంది, క్లిప్పులు తీసి అదీ చూడు.

చిన్నాన్న


ఆగస్టు 20

చిన్నాన్నా,

నువ్వు నమ్మవు గానీ విను. నల్ల డబ్బా మూత తీశాను. లోపల ఎలుక కాపురం! దూది, కొరియరు కవర్ల ముక్కలు, నా గులాబీ మైనం తునకలు. మధ్యలో ఏమి దొరికిందనుకున్నావు? కోరపన్ను! ఆవిడది, పక్కకి తిరిగి ఉండాల్సినది. బల్ల మీద అమర్చి పెట్టుకున్నది కనిపించక ఇల్లంతా దులిపి, చివరికి ఇంకోటి పెట్టి సెట్టు పంపేశాను. మా ఎలుకకి కట్టుడు పళ్ళు కావలసి వచ్చాయి కాబోలు. బండి దగ్గర నిలబడి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. నవ్వాక ఎవరికి చెప్పాలో తెలియక నీకు రాస్తున్నాను.

వైర్లు కూడా రెండుచోట్ల కొరికి ఉన్నాయి. ఏం చెయ్యను?

నీ అన్న కూతురు


సెప్టెంబరు 2

అమ్మాయీ,

అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు. నీకు అదీ చేతకాలేదు.

వారం వారం చెరువుగట్టుకి వెళ్ళొచ్చే బండిలో బ్యాటరీ అన్నిసార్లు పడుకోదు. బ్రేకులకి అంత తుప్పు పట్టదు. సీటుకి బూజు పట్టదు. వేడెక్కే ఇంజను పక్కన ఏ ఎలుకా కాపురం పెట్టదు. నీ ఉత్తరాలన్నీ మంచం మీద వరసగా పరిచి మళ్ళీ చదివాను. తిరిగే బండి, ఈ జబ్బులు, రెండూ ఒక ఒరలో ఇమడవు. తిరగడం నిజం, టీచరు నిజం. అంటే జబ్బులే అబద్ధం.

ముసలాడు చెవుడొచ్చి మూల కూర్చున్నాడు, ఏదో ఒక రిపేరు రాసి పడేస్తే పాపం పొద్దుపోతుంది అనుకున్నావు. ఎలుక ఇంట్లో కోరపన్ను! కథ బాగానే అల్లావు. అల్లుడు వైరు కత్తిరించాడు, నువ్వు ఉత్తరాలు రాశావు. అతనికి నా పని తెలియదు, పోనీలే అనుకున్నాను. నీకు తెలుసు. అందుకే కష్టంగా ఉంది.

నీ బండికి ఏ జబ్బూ లేదు. టీచరుగారితో హాయిగా తిరుగు. ఇక రాయకు.


సెప్టెంబరు 9

చిన్నాన్నా,

రాయకన్నా రాస్తున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

జబ్బులన్నీ నిజం. తిరగడమే అబద్ధం.

బండి ఎక్కడికీ వెళ్ళలేదు. పార్కింగ్ కడిగేవాళ్ళు పక్కకి తీయమంటే తీసి మళ్ళీ పెట్టడం, అంతే దాని ప్రయాణం. డభీ, గరగర అప్పుడు విన్నవే. టీచరుగారు ఉన్నారు. లిఫ్టులో "బావున్నారా" అంటారు, "బావున్నాను" అంటాను. ఆవిడ పాడగా నేనెప్పుడూ వినలేదు. తలుపు దబేలున వేసేది ఆయన. ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు.

లైసెన్సు వచ్చాక ఒకసారి బయల్దేరాను. పెద్ద సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది. వెనక అందరూ హారన్లు. నేను అలవాటుగా పక్కకి తిరిగి "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగాను. పక్క సీటు ఖాళీ. ఎలా ఇంటికొచ్చానో గుర్తులేదు. మళ్ళీ తీయలేదు.

కానీ సాయంత్రం పని అయ్యాక కిందికి వెళ్ళి బండిలో కూర్చుంటాను. డ్రైవరు సీట్లో కాదు, నా పాత సీట్లో. పైన ఇంట్లో ఖాళీ కుర్చీ ఖాళీ కుర్చీలాగే ఉంటుంది. బండిలో అలా ఉండదు. ఆయన ఏదో కొనడానికి దుకాణంలోకి వెళ్ళారు, నన్ను కూర్చోమన్నారు, ఇప్పుడొచ్చేస్తారు అన్నట్టుంటుంది. లోపలి లైటు వేసుకుని పేపరు చదువుకుంటాను. బ్యాటరీని పీల్చింది ఆ లైటే. నీ దొంగని నేనే. నిజం చెప్పాలంటే బ్యాటరీ బాగుచేసుకున్నది ఎక్కడికో పోవడానికి కాదు, ఆ లైటు వెలగడానికి.

నేను తిరుగుతున్నానంటే నువ్వు నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నావు. ఇక కాదని ఎలా రాయను? ఒక జబ్బు నయమైతే నీకు రాయడానికి ఇంకోటి కావాలి కదా అని నేను దిగులుపడుతుంటే, బండే నా మొహం చూసి ఒక్కోటీ ఇస్తూ వచ్చింది. నీకు పొద్దుపోవాలని కాదు చిన్నాన్నా. నాకు పోవాలని.

పన్ను ఇందులో పెట్టి పంపుతున్నాను. చూడు, పక్కన ఎలుక పళ్ళ గాట్లు ఉంటాయి. నీకన్నా బాగా ఎవరికీ తెలియదు ఏది కత్తెర కోతో, ఏది ఎలుక కొరుకుడో.

నీ మసిపిల్ల


సెప్టెంబరు 17

మసిపిల్లా,

గాట్లు చూశాను. ఎలుకే.

షెడ్డు నడిపినన్నాళ్ళూ ఒక నియమం పెట్టుకున్నాను, బండి జబ్బు చెప్పడానికి వచ్చిన మనిషిని అబద్ధమనకూడదని. నీ విషయంలో తప్పాను. అలిగి రాయకన్నానే గానీ, పోస్టు వచ్చే వేళకి రోజూ మెట్ల మీదే కూర్చున్నాను. రాను రాను, అబద్ధమైతే మాత్రం ఏం, ఉత్తరం వస్తే చాలు అనిపించింది. ఇది ఎక్కడా అనకు.

సాయంత్రాలు కూర్చో. ఎవరు వద్దన్నారు? కానీ బ్యాటరీ దీపం కోసం పుట్టలేదు తల్లీ. బండి తిరిగితేనే అది నిండుతుంది. కూర్చోడానికైనా తిరగాలి.

కొరికిన వైర్లకి టేపు చుట్టించు, రోడ్డెక్కే ముందు టైర్లకి గాలి పట్టించు. స్టెప్నీ చక్రానికి కూడా. జాకీ, పానా, కేబుళ్ళు, ఓ నీళ్ళ సీసా సంచిలో వేసి పక్క సీట్లో పెట్టు. ఖాళీ సీటు వంక చూడకు, సంచి వంక చూడు. చక్రం మార్చాల్సొస్తే నట్లు ముందు వదులు చెయ్యి, ఆ తర్వాతే జాకీ ఎత్తు. అందరూ అక్కడే తప్పు చేస్తారు, చక్రం గాల్లోకి లేచాక పానా తిప్పితే చక్రమే తిరుగుతుంది.

ఆగిపోతే ఆగిపోనీ. వెనక హారన్ కొడతారు, నిజమే. దిగి తోసేవాళ్ళు కూడా వాళ్ళలోంచే వస్తారు. "ఇప్పుడేం చెయ్యాలి" అని నన్ను అడుగు. నా జవాబు వచ్చేదాకా రోడ్డు మీదే కూర్చోకు, అది వారం పడుతుంది.

చిన్నాన్న


అక్టోబరు 6

చిన్నాన్నా,

లిఫ్టులో టీచరుగార్ని అడిగాను, చెరువుగట్టుకి వస్తారా అని. పిల్లలకి క్లాసు ఉందన్నారు. "ఇంకోసారి" అన్నారు. మర్యాదకి అన్నారో నిజంగా అన్నారో తెలియదు. సంచి పెట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను.

పెద్ద సిగ్నల్ దాటాను. ఆగలేదు. అరిచినంత పని చేశాను, వినడానికి ఎవరూ లేరు. చెరువుగట్టు నేను రాసినంత గొప్పగా లేదు. అయినా గాలి మాత్రం ఉంది, అది అబద్ధం కాలేదు.

తిరిగొస్తుంటే డబడబడబ, తడిసిన డప్పు కొట్టినట్టు. ఆపి దిగితే వెనక చక్రం నేలకి అంటుకుపోయి ఉంది. నువ్వు అంత చెప్పినా కంగారులో ముందు జాకీయే ఎత్తాను. పానా తిప్పితే చక్రం గిర్రున తిరిగింది. మళ్ళీ దించి, పానా మీద రెండు కాళ్ళతో ఎక్కి గెంతాను. అక్కడ బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడ నన్ను చూసి పకపకా నవ్వింది. కోరపన్ను పక్కకి తిరిగి ఉంది.

నా పన్నే చిన్నాన్నా. నేను తిప్పి పెట్టిన పన్ను. నోరు నిండా నవ్వుతోంది. ఆవిడ వచ్చి పానా జారకుండా పట్టుకుని "ఎక్కు, ఇంకోసారి ఎక్కు తల్లీ, ఊడొస్తుంది" అంది. ఊడొచ్చింది. అంతలో బస్సొచ్చి ఆవిడ వెళ్ళిపోయింది. స్టెప్నీ బిగించుకుని ఇంటికొచ్చాను. సాయంత్రం కిందికి వెళ్ళలేదు, చేతులకి అంటిన మసి కడుక్కుంటూ కూర్చున్నాను.

చక్రంలోంచి తీసిన మేకు కాగితంలో చుట్టి పెట్టాను. గుచ్చుకోకుండా విప్పు. నిలబడ్డ బండికి ఇది దిగదు.

నీ మసిపిల్ల


అక్టోబరు 15

మసిపిల్లా,

మేకు అందింది. మంచి మేకు. వంకర తిరిగి, తల అరిగి ఉంది. ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

కిటికీ గట్టు మీద చిన్న పళ్ళెంలో పెట్టాను. కింద పిండిమర ఆడుతున్నంతసేపూ పళ్ళెంలో అది సన్నగా వణుకుతుంది. చప్పుడు చేస్తూనే ఉంటుంది కాబోలు. అది చూస్తూ కూర్చుంటున్నాను.

పంక్చరు వేయించావో లేదో రాయలేదు. వేయించు. స్టెప్నీ లేకుండా ఇంత దూరం రాకూడదు.

చిన్నాన్న